ఇంటిలోని పగటి వెలుగు



ఈ పూట నేను మీకు విన్నవింపబోవునది రాజుల చరిత్ర కాదు, యుద్ధముల చరిత్రయు గాదు. మన యింటికి ప్రతిదినమును పిలువకయే వచ్చు నొక అతిథి చరిత్ర. ఆ అతిథి పగటి వెలుగు. వేలయేండ్లుగా మానవుడు ఆ అతిథికి ద్వారము నెట్లు తెరచెనో, ఎపుడెపుడు ఎందువలన మూసెనో, మూసినపుడెల్ల చీకటిపాలయినవా రెవరో చెప్పుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ఇప్పుడీ మాటతో పనియేమి యని మీరడుగవచ్చును. గడచిన వేసవిలో బంధువుల యింట గృహప్రవేశమునకు బోయితిని. పండ్రెండు గంటల వేళ. బయట ఎండ కన్నులకు మిఱుమిట్లు గొలుపుచున్నది. లోపల నడిమి గదిలో నాలుగు విద్యుద్దీపములు వెలుగుచున్నవి. నడుమ కొంచెముసేపు విద్యుత్తు పోగా, ఎదుట కూర్చున్నవారి మోము నాకు కనబడలేదు. ‘సూర్యుని ముందు దివిటీ’ యను మాటను మనము పరిహాసమునకు వాడుదుము. ఆ యింటిలో నది పరిహాసము గాక నిత్యకృత్యమైనది. ఆ యొక్క యింటిననుట యేల? మన గ్రామములలో నేడు లేచుచున్న యిండ్లు పెక్కు ఈ తీరుననే యున్నవి.

మొదట మాటలను విచారింతము. మన పూర్వులు కిటికీని గవాక్షమనిరి. గవాక్షమనగా గోవు కన్ను. వాతాయనమనిరి, అనగా గాలికి త్రోవ. చిల్లులు గల పలకను గోడలో నిలిపినచో దానిని జాలకమనిరి, అది వలవంటిది. ఆంగ్లేయులు వాడు ‘విండో’ యను శబ్దమును ఉత్తరదేశపు ప్రాచీనభాషనుండి వచ్చినదే. దాని మూలార్థము ‘గాలి కన్ను’. ఒకరి నొకరెఱుగని రెండు జాతులు గోడలోని రంధ్రమును జూచి కన్ను అనియే పేరు పెట్టుట విచారింపదగిన విషయము. కన్ను లేని యిల్లు గ్రుడ్డి యిల్లని యిరువురకును తోచెనన్నమాట.

మన దేశమున గృహనిర్మాణ చరిత్ర సింధునదీ తీరమునుండి మొదలిడవచ్చును. మొహెంజొదారో నగరము సుమారు 4,500 సంవత్సరములనాటిది. అచ్చటి పెక్కిండ్లు పెద్దవీధి వైపునకు మూసిన గోడలతోనుండి, నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి కలిగియుండెను. ఆ ముంగిలి చుట్టును గదులు. వీధిలోని దుమ్మును, చప్పుడును, పరుల చూపును వీధిలోనే నిలిచిపోవును. వెలుగును గాలియు మాత్రము పైనుండి దిగివచ్చును. ఇంటికి వెలుగు ప్రక్కనుండియే రావలెనను నియమము లేదనియు, నెత్తిమీదినుండియు రావచ్చుననియు మనవా రంతటి పూర్వమే యెఱిగియుండిరి.

క్రీస్తుశకము ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితను రచించెను. అందు వాస్తువిద్యకు ప్రత్యేకముగా నొక అధ్యాయము కలదు. నాలుగు వైపుల శాలలు గలిగి నడుమ అంగణముండు చతుశ్శాలా గృహములను అతడు సర్వతోభద్రము, నంద్యావర్తము, వర్ధమానము, స్వస్తికము, రుచకము అని విభజించి, వాని వసారాలు ఏ ప్రక్క మొదలై యే ప్రక్క ముగియవలెనో చెప్పెను. శుభాశుభములను నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. కాని యీ భేదములన్నిటిలో మాఱని దొక్కటి కలదు. నడుమ ఖాళీస్థలము. దానిని బ్రహ్మస్థానమని పేరిడి యందు బరువు పెట్టరాదని శాస్త్రకారులు కట్టుదిట్టము చేసిరి. మన పూర్వులు రక్షింపదలచిన వస్తువును దైవము పేర నిలుపుట వాడుక. ఇచ్చట వారు రక్షించినది ఇంటి నడిమి ఆకాశమును.

ఇండ్లలోనే కాదు, కొండలోనికి గూడ మనవారు వెలుగును గొనిపోయిరి. ఏలూరు జిల్లాలోని గుంటుపల్లి గుహలను మీలో గొందఱు చూచియుందురు. అచ్చట కొండను దొలిచి చేసిన గుండ్రని చైత్యగృహమొకటి కలదు. అది క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దము ప్రాంతమునాటిది. లోపలి కప్పున కొయ్య వాసములను బోలిన రాతిచెక్కడము, ద్వారముపై గుఱ్ఱపులాడము వంటి కమాను కలవు. ఆ కమానుకు శిల్పశాస్త్రమున గవాక్షమనియే పేరు. ఇదియే పెంపుజెంది, మహారాష్ట్రమున లోణావళా చెంతనున్న కార్లా గుహలో మహాగవాక్షమైనది. అచ్చటి శాల నూరడుగులకు పైగా లోతు. దానికి ప్రక్క కిటికీలు లేవు. ముఖభాగమున నున్న ఆ యొక్క గవాక్షమునుండి వచ్చు వెలుగే కొనయందున్న స్తూపమును దాకును. ఎత్తయిన కన్ను దూరము చూచునని వారికి దెలియును. ఈ మాటను మఱువకుడు. చివర మరల దీనితో పనిగలదు.

ఇక మన మండువా లోగిలి సంగతి. గోదావరీ కృష్ణా మండలములలో నిట్టి యిండ్లు నేటికిని కొన్ని నిలిచియున్నవి. నడుమ మండువా, దాని నాలుగు ప్రక్కల లోపలికి వాలిన పెంకుల చూరు, చూరు క్రింద వసారా, వసారా వెనుక గదులు. వానాకాలమున నాలుగు వైపుల నీరును మండువాలో పడి తూమువెంట పోవును. వెలుగుకూడ ఆ త్రోవనే దిగును. దాని నడక యిట్టిది. మధ్యాహ్నపు ఎండ మండువా నేలపై పడును. అచ్చటినుండి పైకెగసి సున్నము కొట్టిన గోడలను, వసారా కప్పు లోపలి భాగమును దాకును. అచ్చటినుండి మెత్తనై గదులలోనికి బోవును. తెల్లని సున్నపుగోడ తనపై బడిన వెలుగులో నాలుగింట మూడు పాళ్లకు తక్కువ గాకుండ మరల విసరును. పండుగకు ముందు వెల్లవేయుట శుచికొఱకే యని మనము తలంతుము. అది దీపము వెలిగించుటతో సమానమని తెలిసినవారు తక్కువ. ఎండ నేలపైననే యాగిపోవును, వేడి పైకి బోవును, వెలుగు మాత్రము లోనికి వచ్చును. నడిమి గదులు మఱింత లోతుగా నున్నచో పెంకుల నడుమ నొక గాజు పెంకును అమర్చెడివారు. దానినుండి దిగిన వెలుగుకంబము నేలపై కదలుచుండ, మా నాయనమ్మ దానినిబట్టియే వంటకు వేళ నెఱిగెడిది.

ఐతే, సత్యమును దాచరాదు. మండువా లోగిళ్లు కలవారి యిండ్లు. పూరింట నుండువారికి గవాక్షములు లేవు, గాజు పెంకులు లేవు. తాటాకు చూరు నేలకు దిగియుండుటచే, తుపాను గాలికి ఆ యిల్లు నిలిచెనే గాని వెలుగు నిలువలేదు. పొయ్యి పొగతో గోడలు నల్లబడి యుండెడివి. ఆ యిండ్లవారు పగలెల్ల ఆరుబయటనే జీవించిరి. దంపుట, విసరుట, నేత, బుట్టలల్లుట అన్నియు వాకిటను చెట్టుక్రిందను జరిగెను. వీధిబడి అరుగుమీద సాగుటకును కారణమిదియే: అక్షరములు కనబడవలెనన్నచో అరుగే గతి. పేదవానికి వెలుగు ఇంటిలో గాక ఊరిలో నుండెను. ఊరిలోని ఖాళీస్థలములు మాయమగుకొలది ఆతని వెలుగును మాయమైనది.

పడమటి దేశములందును ఈ చింత కలదు. గ్రీకుదేశపు తత్త్వవేత్త సోక్రటీసు, ఇల్లు దక్షిణముఖముగా నుండి ఆ ప్రక్క వసారా ఎత్తుగా నున్నచో, శీతకాలపు సూర్యుడు లోనికి వచ్చుననియు, వేసవి సూర్యుడు నెత్తిమీదుగా బోవుటచే నీడ కలుగుననియు బోధించినట్లు ఆతని శిష్యుడు క్సెనోఫన్ వ్రాసెను. ఇది ఆ దేశమునకు సరిపోయిన మాట. మనకు యథాతథముగా చెల్లదు. కృష్ణాతీరమున మే మొదటివారము మొదలు ఆగష్టు మొదటివారము వరకు మధ్యాహ్న సూర్యుడు మనకు కొంచెము ఉత్తరముననే యుండును. కావున మనకు నాలుగు ప్రక్కలను చూరు కావలసివచ్చెను. ఎవరి యాకాశమునుబట్టి వారి యిల్లు.

రోమకులు మఱియొక యడుగు ముందుకు వేసిరి. వెలుగును వారు ధర్మశాస్త్రములోనికి దెచ్చిరి. పొరుగువాడు తన గోడను పెంచి ఒకని యింటి వెలుగును అడ్డగింపరాదను హక్కు వారి న్యాయమున నొక ఆస్తిగా పరిగణింపబడెను. జస్టీనియను చక్రవర్తి 533వ సంవత్సరమున ప్రకటించిన న్యాయసంగ్రహమున ఈ విషయము స్పష్టముగా నున్నది. పొలమునకు నీటికాలువ హక్కు ఎట్టిదో ఇంటికి వెలుగు హక్కు అట్టిదని వారి తాత్పర్యము. ఇంగ్లండులోను ఇట్టి హక్కు పుట్టెను. ఒక కిటికీగుండ చిరకాలము వెలుగు ననుభవించినవానికి ఆ వెలుగు ‘పురాతనమైన వెలుగు’ అయి పోవును. దానిని పొరుగువాడు మూయరాదు. 1832వ సంవత్సరపు శాసనము ఈ కాలమును 20 ఏండ్లుగా నిర్ణయించెను.

విచిత్రమేమనగా, పొరుగువాని గోడనుండి వెలుగును కాపాడిన ఆ దేశమే తన ఖజానా కొఱకు వెలుగును మూయించెను. 1696వ సంవత్సరమున మూడవ విలియము రాజు కాలమున అచ్చట కిటికీలపై పన్ను వేసిరి. ఆదాయముపై పన్ను వేయుట ప్రజలకు సమ్మతము గాదు. లెక్కలు విప్పి చూపుటకు వారొల్లరు. కిటికీలనైనచో అధికారి వీధిలో నిలిచి లెక్కించుకొనవచ్చును. కలవారి యింట కిటికీలెక్కువ, లేనివారి యింట తక్కువ. కావున ధర్మమైన పన్నే యని తలచిరి. మొదట ఇంటికి రెండు షిల్లింగులు. పది కిటికీలు దాటినచో అదనము. పిమ్మట 1766వ సంవత్సరమున ఏడు కిటికీలున్న యింటికిని పన్ను తగులునట్లు హద్దు దించిరి.

ఫలమేమి? ప్రజలు కిటికీలను ఇటుకలతో మూసివేసిరి. క్రొత్తయిండ్లను తక్కువ కిటికీలతో కట్టిరి. ఆ మూసిన కిటికీల గుర్తులు నేటికిని ఇంగ్లండులోని పాతయిండ్ల గోడలపై కనబడును. ఆడమ్ స్మిత్ తన అర్థశాస్త్ర గ్రంథమున 1776వ సంవత్సరముననే దీనిలోని అన్యాయమును జూపెను. పల్లెలో పది పౌనుల అద్దె యింటికి, లండను నగరమున అయిదువందల పౌనుల అద్దె యింటికంటె కిటికీలు ఎక్కువ యుండవచ్చును. అట్లైనచో పేదవాడే యెక్కువ చెల్లించునని ఆతని వాదము. నగరములలో నింకను ఘోరము. ఒక పెద్ద భవనమున అనేక కుటుంబములు అద్దెకుండగా, శాసనము దానినంతయు నొక యిల్లుగా లెక్కించెను. పన్ను భవనపు యజమానిది, చీకటి కాపురమున్నవారిది. అతడు కిటికీలను మూయించి పన్ను తప్పించుకొనెను. దీనికి తోడు 1746 మొదలు 1845 వరకు గాజుపైనను సుంకముండెను. ఫ్రాన్సు దేశమున 1798లో ఇట్టిదే ద్వారములపై, కిటికీలపై పన్ను పుట్టి 1926 వరకు నిలిచెను.

వైద్యులు మొఱపెట్టిరి. మూసిన గదులలో జ్వరములు ప్రబలుచున్నవని చెప్పిరి. 155 సంవత్సరములు గడచిన పిమ్మట 1851వ సంవత్సరమున ఇంగ్లండులో కిటికీల పన్ను తొలగెను. అదే సంవత్సరమున లండనులో గాజుతోను ఇనుముతోను కట్టిన స్ఫటికసౌధమున మహాప్రదర్శనము జరుగుట కాలము చేసిన చమత్కారము.

అటుపిమ్మటనే శాస్త్రజ్ఞులు పూర్వుల అనుభవమునకు కారణము కనుగొనిరి. రోగులకు స్వచ్ఛమైన గాలి తర్వాత కావలసినది వెలుగేయని ఫ్లారెన్సు నైటింగేలు వ్రాసెను. 1877లో డౌన్సు, బ్లంటు అను నిద్దఱు ఆంగ్లేయులు ఎండ సూక్ష్మజీవులను నశింపజేయునని నిరూపించిరి. క్షయరోగ క్రిమిని 1882లో కనుగొనిన రాబర్టు కాక్ పండితుడు, ఆ క్రిమి ఎండకు చచ్చునని 1890లో ప్రకటించెను. పక్కబట్టలను ఎండవేయవలెనని మన యిల్లాండ్రు చెప్పుమాటకు ఇంతటి సాక్ష్యము దొరకినది.

ఇప్పుడు మీకు ముఖ్యముగా చెప్పవలసిన మాట. ఆ 1882వ సంవత్సరముననే మన దేశమున సౌకర్యహక్కుల శాసనము పుట్టినది. అది మొదటనే మదరాసు రాజధానికి వర్తించినది. దాని 15వ విభాగము ప్రకారము, ఒక కట్టడమునకు వెలుగు గాని గాలి గాని హక్కుగా, తగవు లేకుండ, నడుమ ఆటంకము లేకుండ 20 ఏండ్లు అనుభవములో నున్నచో ఆ హక్కు స్థిరపడును. ఐతే వెలుగు కొంచెము తగ్గినంత మాత్రమున దావా చెల్లదు. ఇంటివారి దేహసౌఖ్యమునకు గాని వారి వాడుక పనికి గాని గట్టి యడ్డంకి కలుగవలెను. ఇంకొక సంగతి 13వ విభాగమున నున్నది. ఉమ్మడి యాస్తిని పంచుకొనునపుడు, ఒకని వాటాను పూర్వమువలె అనుభవించుటకు మఱియొకని వాటాపై అవసరమైన హక్కు, కంటికి కనబడుచు ఎడతెగక సాగుచున్నదైనచో, పంపకములో వేఱుగా నిశ్చయింపనంతవఱకు ఆ హక్కు అతనికి చెందును. గోడలోని కిటికీ కంటికి కనబడునదే. దానిగుండ వచ్చు వెలుగు ఎడతెగనిదే. ఊరి పెద్దలు పంపకములకు కూర్చుందురు గనుక ఈ మాట వారికి ఉపకరించును.

ఇక దీపముల సంగతి కొంచెము చెప్పవలెను. ఏలయనగా మనము పగటి వెలుగును పోగొట్టుకొనుట దీపము పెరిగిన కతముననే. ప్రమిదలోని ఆముదపు దీపము సుమారు ఒక క్రొవ్వొత్తి వెలుగు నిచ్చును. దానితో పని చేయుట కష్టము గనుక పగటి పని పగలే ముగించెడివారు. ఇల్లు వెలుగునుబట్టి కట్టెడివారు. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో భూమిని దొలిచి చమురు తీసిన పిమ్మట కిరసనాయిలు లోకమంతట వ్యాపించెను. బుడ్డిదీపము, లాంతరు మన యింట వెలసినవి. వెలుగు హెచ్చెను, పొగయు హెచ్చెను. 1879లో ఎడిసను విద్యుద్దీపమును చాలసేపు వెలుగునట్లు చేసెను. 1938లో గొట్టపు దీపము అంగడికి వచ్చెను. అటుపిమ్మట గృహనిర్మాతలు కిటికీని లక్ష్యపెట్టుట మానిరి. ఎంత లోతు గదినైనను మీట నొక్కి వెలిగింపవచ్చునని ధైర్యము చిక్కెను.

నేటి చిన్నదీపమును నేను నిందింపను. నీలపు వెలుగు నిచ్చు ఆ సాధనమును కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురా అను మువ్వురికి 2014లో నోబెలు బహుమానము వచ్చినది. వెనుకటి 60 వాట్ల బుడ్డి చేసిన పనిని ఎల్.ఇ.డి. దీపము 9 వాట్లతో చేయును. 2015 జనవరిలో మొదలైన ఉజాల పథకమున దేశమంతట 36 కోట్లకు పైగా దీపములు పంచిరి. ఇది గొప్ప మేలు. కాని తక్కువ ఖర్చయినది గదాయని పట్టపగలు వెలిగించినచో ఆ మేలు సగము కరగిపోవును. నాలుగు దీపములు పగలు ఎనిమిది గంటలు వెలిగినచో ఏడాదికి 105 యూనిట్లగును. మన దేశపు విద్యుత్తులో సగమునకు పైగా నేటికిని బొగ్గుతోనే పుట్టుచున్నది. ఆ లెక్కన ఒక్క యింటిలోని పగటి దీపములకు ఏడాదికి 60 కిలోలకు పైగా బొగ్గు మండవలెను. సింగరేణి కార్మికుడు భూగర్భపు చీకటిలోనికి దిగి బొగ్గు త్రవ్వుట, మనము మూసికొనిన సూర్యునికి బదులుగానా?

ఇంతవఱకు ఇతరుల కథ చెప్పితిని. ఇప్పుడు నా తప్పు నొకటి చెప్పుకొనవలెను. మాది మండువా యిల్లు. మా తండ్రిగారు కాలముచేసిన పిమ్మట 1998లో మా యన్నగారును నేనును పాలు పంచుకొంటిమి. బావిని ఉమ్మడిగా నుంచితిమి. వీధినుండి దొడ్డికి బోవు బాటను ఉమ్మడిగా వ్రాసికొంటిమి. మండువా నడుమ మాత్రము గోడ లేపితిమి. సగము మండువా ఎవరికి నక్కఱకు రాదు గనుక, ఏడాది తిరుగకముందే అన్నగారు తమ సగముపై స్లాబు వేయించిరి, నేనును వేయించితిని. ఒక గది కలిసివచ్చినదని సంతోషించితిని.

మా తల్లి నా వాటాలోనే యుండెను. అంతకుముందు ఆమె ప్రతి మధ్యాహ్నము మండువా స్తంభమున కానుకొని పోతనగారి భాగవతము చదువుకొనెడిది. కప్పు పడిన పిమ్మట పుస్తకము పట్టుకొనుట తగ్గెను. “కన్ను మందగించినది, నాయనా” అనెడిది. నేను కంటి వైద్యునియొద్దకు గొనిపోయితిని. అద్దములు మార్చితిని. దీపము పెద్దది పెట్టించితిని. ఒకనాడు ఊరిలో పెండ్లికి బోయినపుడు, ఆమె విడిదియింటి అరుగుపై కూర్చుండి శుభలేఖలోని సన్నని అక్షరములను తడుముకొనకుండ చదువుట జూచితిని. అపుడు నాకు తెలిసినది. మందగించినది ఆమె కన్ను గాదు, మా యింటి కన్ను. ముప్పదియేండ్లు పిల్లలకు చదువు చెప్పినవాడను; ఇంటిలో తల్లి చదువుకొను వెలుగును నేనే మూసితిని. తర్వాత స్లాబులో నాలుగడుగుల చదరమును కోయించి గాజు వేయించితిని. అప్పటికామె మంచము పట్టెను. అయినను ఆ వెలుగు పడుచోటికి మంచము జరుపుమని యడిగెను.

వెలుగుకు నేడు కొలతలు కలవు. ఒక క్రొవ్వొత్తి ఒక మీటరు దూరమున నిచ్చునది సుమారు ఒక లక్సు. నడిమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులు. ఆరుబయటి నీడ సుమారు పదివేలు. దీపముతో బాగుగా వెలుగు గది నూఱు, రెండునూఱులు. పదివేలనుండి నూటికి దిగుట యెంతటి దిగుబాటో చూడుడు. మన కన్ను దానికి సర్దుకొనును గనుక మనకు తెలియదు. ముదుసలి కంటికి తెలియును. పసివారి కంటికిని తెలియును. తైవాను దీవిలో బడిపిల్లలకు హ్రస్వదృష్టి యేటేట పెరుగుచుండగా, 2010 మొదలు దినమునకు రెండు గంటలు పిల్లలను ఆరుబయట నుంచవలెనని బడులలో ఏర్పాటు చేసిరి. పెరుగుచు వచ్చిన దృష్టిదోషము పిమ్మట తగ్గుముఖము పట్టినది. వీధిబడి అరుగుపై నడచుట పేదరికమేయైనను, అందులో పిల్లల కంటికి మేలుకూడ నుండెను.

కావున పెద్దలారా, మీతో నా విన్నపమిది. మీ కుమారులు మనుమలు క్రొత్త యిల్లు కట్టదలచినపుడు, ఈశాన్యమేది, నైరృతియేది యని మిమ్ము అడుగుదురు. ఆ మాటతోపాటు ఇంకొక మాట మీరడుగుడు: “పగలు పండ్రెండు గంటలకు ఏ గదిలో దీపము వెలిగింపవలసి వచ్చును?” వెలిగింపవలసిన గది యున్నచో ఆ పటమును మార్పింపుడు. హద్దు వఱకు గోడ కట్టనీయక, రెండు ప్రక్కలనైన చోటు విడిపింపుడు. కార్లా గుహను తలచుకొని కిటికీ పైకొసను ఎత్తుగా పెట్టింపుడు. పైకొస యెంత యెత్తో దానికి సుమారు రెండింతల దూరము వఱకు వెలుగు లోనికి బాగుగా చేరును. పడమటి ఎండకు చూరు దింపుడు. గోడలకు తెలుపు వేయింపుడు. మండువాకు చోటు లేనిచో నాలుగడుగుల ఆకాశమునైన విడిపింపుడు.

రేకుల కప్పు క్రింద నుండువారికిని త్రోవ కలదు. బ్రెజిలు దేశమున ఆల్ఫ్రెడో మోజరు అను యంత్రపు పనివాడు 2002లో, నీరు నింపిన ఖాళీ సీసాను రేకులో బిగించి, కొంత పైకి కొంత లోపలికి నుండునట్లు చేసెను. నీరు పాచిపట్టకుండ కొంచెము బ్లీచింగు ద్రావకము కలిపెను. పగటివేళ ఆ సీసా 40 మొదలు 60 వాట్ల బుడ్డివలె గదినంతటిని వెలిగించును. అది మన గాజు పెంకునకు తమ్ముడే.

అన్నిటికంటె ముఖ్యమైనది పంపకము. అన్నదమ్ముల నడుమ కూర్చున్నపుడు, బావి ఉమ్మడి, బాట ఉమ్మడి యని మీరు వ్రాయింతురు. ఆ వరుసలో మూడవ పంక్తి నొకటి చేర్పుడు: వెలుగు ఉమ్మడి. మండువా యున్నచో దానిని కోయవలదు. పొరుగు గోడ యెంత యెత్తు లేవవచ్చునో ఆ పత్రముననే వ్రాయింపుడు. నూతి నీటిని పంచుకొనవచ్చును, పొలమును పంచుకొనవచ్చును. ఆకాశమును రెండు ముక్కలు చేసినచో రెండు ముక్కలును చీకటియే యగును. నా యింట నేను చూచినది చెప్పుచున్నాను.

సంధ్యవేళ మన యింట దీపము పెట్టి నమస్కరింతుము. ఆ నమస్కారమున కర్థము, పగలెల్ల వెలుగిచ్చిన సూర్యుడు సెలవు పుచ్చుకొనగా ఆతని స్థానమున దీపమును నిలుపుకొనుట. సూర్యుడింకను గుమ్మము వెలుపల నిలిచియుండగానే దీపము పెట్టుట ఆ అతిథిని పొమ్మనుట గాదా? సంధ్యాదీపమును సంధ్యకే యుంచి, పగలు ఆ అతిథికి త్రోవ విడువుడని వేడుచు సెలవు తీసికొనుచున్నాను.